పేరెరుగని రేవులు



గతమాసమున ఆవకాయ జాడీలకు వాసెన కట్టు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున వంటయింటి గడప దాటి ఏకముగా సముద్రమునే దాటవలసి వచ్చినది. అందులకు కారణము ఒక సోదరి వ్రాసిన యుత్తరము.

ఆమె భర్త వచ్చు చైత్రమునకు ఉద్యోగవిరమణ చేయుచున్నారట. పిల్లల చదువులును పెండ్లిండ్లును గడచిన పిదప, దంపతులిరువురును ఓడమీద నాలుగైదు దినములు విహరించి రావలెనని కొంత ధనము వేరుగా దాచుకొన్నారట. పిల్లలు “సింగపూరు పొండు, దుబాయి పొండు” అనుచున్నారు. ఆమె మనసు మాత్రము దగ్గర సముద్రములోని చిన్న యాత్రపై నున్నది. పొరుగింటి యామె, “పేరైన నెరుగని రేవులకు పోయి చూచున దేమున్నది? ఉప్పునీరు మన యూర లేదా?” అని యెత్తిపొడిచినదట. “అక్కగారూ, కష్టపడి కూడబెట్టిన రూకలు. నలుగురిలో చెప్పుకొనుటకైన రాని యూళ్లకై వానిని పాడుచేసికొందునా? మీరేమందురు?” అని యామె ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. సరిగా నిట్టి తగవే మా యింట 2023లో జరిగినది. కనుక ఉపదేశముగా గాక, జరిగినది జరిగినట్లు చెప్పెదను.

మా అత్తగారు ప్రతిదినము ప్రాతఃకాలమున అష్టాదశ శక్తిపీఠముల స్తోత్రము చదువుకొందురు. మనలో పెక్కుమంది యిండ్ల నది వాడుకయే గదా. ఆ పదునెనిమిదింటిలో నాలుగు మన తెలుగునాటనే యున్నవి: అలంపురమున జోగులాంబ, శ్రీశైలమున భ్రమరాంబ, ద్రాక్షారామమున మాణిక్యాంబ, పిఠాపురమున పురుహూతిక. ఆ నలుగురు తల్లులను వారు మామగారు జీవించియున్న నాడే దర్శించిరి. కాని ఆ వరుసలో మొట్టమొదట వచ్చు పేరు లంకలోని శాంకరీదేవిది. “మొదటి మెట్టు ఎక్కకయే పై మెట్లెక్కినదానను” అని వారు నవ్వుచు ననుచుండెడివారు. నవ్వులో నవ్వుగా నున్నను, ఆ మాట లోపల నొక కోరిక యుండుట కోడలినైన నాకు తెలియును.

2023 జూను మాసమున చెన్నపట్టణము నుండి లంకలోని హంబన్‌తోట, తిరుకోణమల, కాంకేసన్‌తురై అను మూడు రేవులకు విహారనౌక నడుప నారంభించిరి. ఆ తిరుకోణమలలోనే శాంకరీదేవి వెలసినదని పెక్కుమంది నమ్మకము. ఈ వార్త వినినది మొదలు మా అత్తగారికి నిదుర పట్టలేదు. వారికి వచ్చునది కుటుంబ పింఛను. అందులో నుండి తీసి యిచ్చెద ననిరి. మా ఆడపడుచు ఒప్పుకొనలేదు. “అమ్మ మోకాళ్లు చూచితివా వదినా? రేపు వైద్యమునకు పనికివచ్చు సొమ్ము నేడు సముద్రములో పోయుదురా?” అని నాతోనే వాదించినది. ఆమె మాటయు తప్పు కాదు. మావారు రెండు దినములు మౌనముగా నుండి, మూడవనాడు, “అమ్మ సొమ్ము, అమ్మ కోరిక. మధ్య మనమెవరము?” అని టిక్కెట్లు కొనిరి. అట్లు బయలుదేరితిమి.

ఓడయాత్ర యెరుగని సోదరీమణుల కొకమాట. విహారనౌక యనగా నీటిపై తేలు పెద్ద సత్రము. రాత్రివేళ పయనించి ఉదయమునకు రేవు చేరును. పగలు కొన్ని గంటలు దిగి యూరు చూచి, సాయంకాలమున మరల నెక్కవలెను. ఒక్కొక్క రేవున మనకు చిక్కునది ఆరేడు గంటలే. పెద్ద పట్టణమైనచో ఆ గంటలలో సగము బండ్ల రద్దీలోనే కరగిపోవును. చిన్న రేవున ఊరును గుడియు కోటయు రేవునకు చేరువనే యుండును. ఈ భేదము ఓడ యెక్కునప్పుడు నాకు తెలియదు. దిగునప్పటికి తెలిసినది. ఎట్లో చెప్పెదను.

మొదటి రేవు హంబన్‌తోట. ఇది లంకకు దక్షిణపు కొసన నున్నది. ఉప్పుమళ్లకు పేరుపొందిన పొడినేల. ఇప్పటి పెద్ద రేవు 2010లో తెరవబడినది. 2017లో దానిని 99 ఏండ్లకు చీనా దేశపు కంపెనీ కొకదానికి కౌలున కిచ్చిరి. సమీపమున యాల యను అభయారణ్యము గలదు. ఏనుగులను, చిరుతలను చూడగోరువారు అచటికి పోవుదురు. మేము పోలేదు, మా అత్తగారి ధ్యాసయంతయు మరునాటి మీదనే యుండెను.

ఇక తిరుకోణమల. ఆంగ్లేయుల నోట నిది ట్రింకోమలీ యైనది. సముద్రము భూమి లోనికి చొచ్చుకొనివచ్చి, చుట్టును కొండలు కాపుగాయగా, మిక్కిలి లోతైన సహజమగు రేవైనది. ఇట్టి లోతుగల సహజపు రేవులు లోకమున కొద్ది. అందువలననే ఎందరెందరో దీనికై పోరాడిరి. పోర్చుగీసువారు, డచ్చివారు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఒకరి వెనుక నొకరు వచ్చిరి. 1782వ సంవత్సరముననే చూడుడు: జనవరిలో ఆంగ్లేయులు పట్టుకొనిరి, ఆగస్టులో ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రెన్ వారి చేతినుండి లాగుకొనెను. మనయిండ్లలో పంపకములకై చేయు తగవులు వీని ముందు చిన్నవే.

ఊరి చివర సముద్రము లోనికి ముక్కువలె చొచ్చుకొనిపోయిన గుట్ట యున్నది. దానిని స్వామిమల యందురు. గుట్టపై కోణేశ్వరస్వామి, అచటనే శాంకరీదేవి. ఏడవ శతాబ్దమున తిరుజ్ఞాన సంబంధర్ ఈ స్వామిని పాడెను. తమిళులు మిక్కిలి పవిత్రముగా నెంచు శివస్థలములలో లంకయందున్నవి రెండు. అందులో నిది యొకటి. 1622లో పోర్చుగీసువారు ఆ ప్రాచీనాలయమును పడగొట్టి, ఆ రాళ్లతోనే క్రింద కోట కట్టుకొనిరి. ఆ కోటను తరువాత ఆంగ్లేయులు ఫ్రెడరిక్ కోట యనిరి. నేడు గుడికి పోవువారు ఆ కోటవాకిలి గుండనే పోవలెను.

పోయిన గుడి పూర్తిగా పోలేదు. 1950లో అచటికి సమీపమున బావి త్రవ్వుచుండగా భూమిలో దాచిన కంచు విగ్రహములు బయటపడినవి. 1956లో లంకలో స్థిరపడిన ఆంగ్ల రచయిత ఆర్థర్ క్లార్కును, ఆయన మిత్రుడు మైక్ విల్సనును గుట్ట క్రింద సముద్రములో మునిగి చూడగా, చెక్కడపు రాళ్లును స్తంభపు ముక్కలును కనుపించినవి. 1963లో క్రొత్త యాలయమునకు కుంభాభిషేకము జరిగినది.

ఇంతటి స్థలమునకు పోయి మేమేమి చేసితిమో వినుడు.

ఓడవారు చూపు బస్సుయాత్ర యొకటి యుండెను. తెలియని దేశము, ముసలమ్మ వెంట నున్నది, అందరితో పోవుట క్షేమమని దానికే సొమ్ము కట్టితిమి. బస్సు తిన్నగా గుడికి పోవునని తలచితిమి. అది మొదట నొక రత్నముల యంగడి ముందు నిలిచినది. అచట గంటసేపు గడచినది. పిదప బట్టల దుకాణము; అచట మరియొక ముప్పావు గంట. మావారు మార్గదర్శకుని హెచ్చరించిరి. ఆయన చిరునవ్వుతో “గుడి యెచటికి పోవునండి?” అనెను. నిజమే, గుడి యెచటికిని పోదు. కాని తలుపు మూతపడును! మేము గుట్ట యెక్కి ద్వారము చేరునప్పటికి మధ్యాహ్నపు పూజ ముగిసి తలుపులు మూసియుండెను.

తోడివారు ఫొటోలు తీసికొని దిగిపోయిరి. బస్సు సముద్రపుటొడ్డున భోజనమునకు పోవుచున్నది. మా అత్తగారు మాత్రము మెట్టుమీద కూర్చుండిపోయిరి. ఏమియు ననలేదు. నన్ను నిందించియున్న బాగుండెడిది. కొంతసేపటికి, “పోదము పదవమ్మాయీ. ఇంతదూరము రానిచ్చినదే చాలు” అని లేవబోయిరి. ఆ “చాలు” అను మాట నాకు సూదివలె గ్రుచ్చుకొన్నది. ఆడవారము జన్మమంతయు ఆ మాటతోనే సరిపెట్టుకొందుము గదా!

వాకిట పూలమ్ముకొను నొక వృద్ధురాలిని నాకు వచ్చిన కొద్దిపాటి తమిళముతో నడిగితిని. నాలుగు గంటలకు మరల తలుపు తీయుదురని చెప్పినది. ఓడకు చేరవలసిన గడువు ఐదున్నర. ఓడవారి బస్సు ఆలస్యమైనచో ఓడ వేచియుండును. మన యంతట మనము పోయి ఆలస్యమైనచో వేచియుండదు. ఈ నియమమును ముందే చెప్పియుండిరి. మావారు గడియారము చూచిరి, నన్ను చూచిరి. నేను, “ఇచటినుండి ఓడకెంతదూరము?” అంటిని. క్రింద నిలిచిన ఆటోవాని నడుగగా, ఎంత మెల్లగా పోయినను అరగంట పట్టదని చెప్పెను. చిన్న యూరు, రద్దీ లేదు. రేవు గుట్టమీదికే కనబడుచున్నది. “మేము బస్సుతో రాము” అని మార్గదర్శకునితో చెప్పివేసితిమి. ఆయన కాగితముమీద మాచేత వ్రాలు చేయించుకొని పోయెను.

అట్లు మాకు మూడు గంటలు చిక్కినవి. ఆ మూడు గంటలే మాయాత్రలో నెల్ల మేలైనవని యిప్పుడు తోచుచున్నది.

కోటలోపల చెట్లనీడల చుక్కలజింకలు మన యూళ్ల మేకలవలె నిర్భయముగా తిరుగుచుండెను. ఒకటి వచ్చి మా అత్తగారి చేతిలోని అరటిపండు తొక్క నందుకొన్నది. గుడి వెనుక గుట్ట నిలువునా చీలి సముద్రములోనికి దిగినది. ఆ చీలికను రావణుడు కత్తితో నరికినాడని చెప్పుకొందురు. దాని దాపున నొక చెట్టునిండ చిన్న చిన్న కొయ్యయుయ్యెలలు కట్టియున్నవి. సంతానము గోరు స్త్రీలు కట్టినవి. మన యూళ్లలో చెట్లకు కట్టు ముడుపులకును వీనికిని భేదమేమి? ఏ దేశపు తల్లి కోరికయైన నొక్కటియే.

అచట కూర్చుండి సముద్రము చూచుచుండగా మావారు పాఠము చెప్పినట్లు 1942 సంగతి చెప్పిరి. ఆ యేట ఏప్రిల్ 9వ తేదీన జపాను విమానములు ఈ రేవుపై విరుచుకుపడి బాంబులు కురిపించినవి. ఆనాడే హెర్మీస్ అను ఆంగ్లేయుల విమానవాహకనౌక యీ తీరమునకు దక్షిణముగా మునిగిపోయినది. ఊరి వెలుపల నాటి సైనికుల శ్మశానము నేటికిని గలదు.

ఇది వినుచు మా అత్తగారు తలయెత్తి, “ఏప్రిల్ ఎన్నవ తేదీ యంటివి నాయనా?” అని యడిగిరి. తొమ్మిది యని మావారు చెప్పిరి. అప్పుడు వారు మే మెన్నడును పూర్తిగా వినని కథ చెప్పిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసినప్పుడు, వారి తల్లిగారు విశాఖలో క్రొత్తకాపురమున నుండిరట. అప్పటికి మా అత్తగారింకను పుట్టలేదు. వారి పెద్దక్క చంటిబిడ్డ. పొయ్యిమీది యన్నము పొయ్యిమీదనే యుండగా, బిడ్డను చంక నిడుకొని, మెడలోని పుస్తెలు తప్ప వేరేమియు లేక, ఎడ్లబండిలో పల్లెకు తరలిపోయిరట. “మూడు దినముల వెనుక ఇచటనా? అట్లయిన మా యమ్మ పడిన భయమే ఈ యూరి తల్లులును పడిరన్నమాట” అని మా అత్తగారు చాలసేపు ఆ నీటివంకనే చూచిరి. చరిత్ర పుస్తకములలో నే నీ రెండు తేదీలను వేరువేరుగా చదివితిని. రెండింటిని ఒక్క సముద్రము కలిపినదని ఆ గుట్టపై కూర్చున్న నాడే తెలిసినది.

నాలుగింటికి కొంచెము ముందే తలుపు తీసిరి. అమ్మవారి యెదుట జనము లేదు. మా అత్తగారు స్తోత్రము మొదటినుండి తుదివరకు మెల్లగా చదువుకొనిరి. మావారు గడియారము చూడక నిలువబడిన సందర్భము నే నెరిగినంతలో నదియొక్కటే. నాలుగున్నరకు గుట్ట దిగితిమి. ఐదింటికి ముందే రేవున నుంటిమి. ఓడ యెక్కినపిదప మా అత్తగారు మా ఆడపడుచునకు ఫోను చేసి, “మోకాళ్లు నొచ్చినవి. అయినను బాగున్నది” అని మాత్రము చెప్పిరి.

సోదరీ, ఇదే పెద్ద మహానగరపు రేవైనచో ఆ సాహసము చేయగలిగెడి వారమా? గుడికిని రేవునకును నడుమ గంటన్నర రద్దీ యున్నచో, “చాలు” అని తిరిగి రావలసినదే. చిన్న రేవు చేయు మేలిది. తప్పు దిద్దుకొనుటకు అది యెడమిచ్చును.

ఇంకను దినములుండువారు తిరుకోణమల చెంత కన్నియా యను చోట ఏడు వేడినీటి బావులు చూడవచ్చును. రావణుడు తల్లి యుత్తరక్రియలకై నేలను పొడువగా పుట్టినవని ఐతిహ్యము. నీలావెలి యెదుట పావురాలదీవి యున్నది. దాని చుట్టును పగడపు దిబ్బలు గలవు. 2003లో దానిని జాతీయోద్యానముగా ప్రకటించిరి.

మూడవ రేవు కాంకేసన్‌తురై. ఇది యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు రేవు. కాంగేయుడనగా కుమారస్వామి, తురై యనగా రేవు. స్వామి విగ్రహము భారతదేశమునుండి యిచట దిగినదని చెప్పుదురు. ఆ కథయు ముచ్చటైనదే. ఒక చోళరాజకుమారికి వ్యాధివలన గుఱ్ఱపుమొగము వచ్చినదట. ఆమె సమీపమున నున్న కీరిమల యూటలో స్నానము చేయగా ఆ వికారము పోయెనట. అందులకు కృతజ్ఞతగా ఆమె కుమారస్వామికి గుడి కట్టించెనట. ఆ యూరు మావిట్టపురము. గుఱ్ఱము విడిచిన యూరని యర్థము. కీరిమలలో నేటికిని సముద్రము ప్రక్కనే మంచినీటియూట కోనేరుగా నున్నది. స్త్రీలకు వేరుగా స్నానఘట్టము గలదు.

ఆ ప్రాంతమంతయు తాడిచెట్లే. మా అత్తగారు అచట అంగడిలో ఎండబెట్టిన తేగలు చూచి పసిపిల్లవలె సంతసించిరి. మనము తేగలను తంపటివేసి తినుటతో సరిపెట్టుదుము. యాళ్పాణమువారు వానిని ఎండబెట్టి పిండి విసరి జావకు, పిట్టుకు వాడుదురు. తాటిబెల్లమును, తాటాకు బుట్టలును అచటి స్త్రీల చేతిపనియే. ఒక బుట్ట తెచ్చుకొంటిని. ఇప్పుడది మా యింట వెల్లుల్లిపాయలకు నెలవు.

బడిపంతులు గారి భార్యను గనుక ఒక సంగతి చెప్పక విడువలేను. యాళ్పాణపు గ్రంథాలయము 1981 జూను 1వ తేదీ రాత్రి అల్లరులలో తగులబెట్టబడినది. సుమారు 97,000 గ్రంథములు, అందులో మరల దొరకని తాటాకు ప్రతులు, బూడిదయైనవి. తరువాత 1983 నుండి 2009 వరకు అంతర్యుద్ధము. గ్రంథాలయమును మరల కట్టిరి. ఆ తెల్లని భవనము ముందు నిలిచినప్పుడు మావారు జోళ్లు విప్పిరి. ఎవరును విప్పుమనలేదు.

ఈ మూడింటితోపాటు నాల్గవదానిని కూడ చెప్పెదను. దానిని నేను చూడలేదు, చదివి తెలిసికొన్నదే. అది నైరృతి మూలనున్న గాలు. కొలంబోకు పెద్ద అడ్డుకట్ట కట్టి రేవు చేయకముందు పెద్ద ఓడలన్నియు గాలుననే ఆగెడివి. కొలంబో పెరుగగా గాలు నిద్రపోయినది. నిద్రపోవుటవలననే చెడక మిగిలినది. డచ్చివారు 1640లో పోర్చుగీసువారినుండి గైకొని, 1663 మొదలు బలమైన గోడలు లేపిరి. ఆ గోడల లోపల ఇండ్లు, మసీదు, 1755 నాటి డచ్చి ప్రార్థనాలయము, దీపస్తంభము, బడులు, సంసారములు అన్నియు నేటికిని నడచుచున్నవి. 1988లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెనకు వెలుపలి యూరు నాశనమైనను, ఆ పాతగోడలు లోపలివారిని కాపాడినవి.

గాలు స్త్రీల చేతిపని “బీరలు” అను అల్లిక. దిండుమీద సూదులు గ్రుచ్చి, దారము చుట్టిన సన్నని కొయ్యకండెలను పదులకొలది చేతులలో మార్చుచు జాలరు అల్లుదురు. పోర్చుగీసువారి నాడు వచ్చిన విద్యయట. తల్లి కూతురికి నేర్పగా నిలిచినది. మన నర్సాపురపు సోదరీమణులు లేసు అల్లుదురు గదా. వారు గాలు చేరినచో, భాష రాకున్నను, చేతులతోనే సంభాషింపగలరని నా నమ్మకము.

మరియొకటి. 1911లో గాలున నొక శిలాశాసనము దొరకినది. అది 1409 నాటిది. చీనా నౌకాధిపతి జెంగ్ హె తెప్పించి నిలిపినది. చీనా, తమిళ, పారసీక భాషలు మూడింట చెక్కినది. ఒక భాషలో బుద్ధునికి, ఒకదానిలో విష్ణువునకు, ఒకదానిలో అల్లాకు కానుకలు సమర్పించినట్లున్నది. ఇప్పుడది కొలంబో వస్తుప్రదర్శనశాలలో నున్నది. ఒక్క రాతిమీద ముగ్గురు వేల్పులు తగవులేక నిలిచిన ఆ కాలపు రేవుబుద్ధిని తలచినచో ముచ్చట యగును.

“లంక పరదేశము గదా” అందురేమో. కండి నగరము నేలిన కడపటి రాజవంశము మధురనాయకుల బంధువర్గము, తెలుగు మూలము గలవారు. 1739 నుండి 1815 వరకు వారే ఏలిరి. ఆఖరిరాజు శ్రీవిక్రమ రాజసింహుడు ఆంగ్లేయుల చెరలో 1832లో వేలూరున మరణించెను. కావున మనకది పొరుగిల్లు.

మన యిల్లును మరువరాదు. విశాఖపట్టణపు రేవు 1933లో తెరవబడినది. విహారనౌకలకై ప్రత్యేకముగా కట్టిన ఘట్టము 2023 సెప్టెంబరులో ప్రారంభమైనది. మనము గాలును చూడబోవునట్లే, దూరదేశపు స్త్రీ యొకతె ఓడ దిగి, పేరెరుగని విశాఖను చూడవచ్చును. ఆమెకు మనమేమి చూపుదుము? రత్నముల యంగడియా? తొట్లకొండ, బావికొండల మీది బౌద్ధారామములు, సింహాచలము, గాలున కోటకట్టిన డచ్చివారే భీమునిపట్టణమున విడిచిన సమాధులు చూపవలదా? మనకు జరిగినది వారికి జరుగనీయరాదు.

ఇక నడిగిన సోదరికి కొన్ని జాగ్రత్తలు.

మొదటిది ఋతువు. లంక చిన్నదైనను రెండు వానకాలములు గలది. తిరుకోణమల వైపు వైశాఖము మొదలు భాద్రపదము వరకు సముద్రము నెమ్మదిగా నుండును. కార్తిక మార్గశిరములలో వానలు. గాలు వైపు దీనికి వ్యతిరేకము. అచట పుష్య మాఘ ఫాల్గునములు మేలు. ఓడ యే నెలలో నే తీరమునకు పోవునో చూచుకొని గాని సొమ్ము కట్టవలదు.

రెండవది మోకాళ్లు. కొన్ని రేవులలో ఓడ గట్టునకు ఆనును. కొన్నింట దూరముగా లంగరు వేసి చిన్నపడవలలో దింపుదురు. అలలపై ఊగు పడవలోనికి కాలిడుట పెద్దవారికి కష్టము. ముందే యడిగి తెలిసికొనవలెను.

మూడవది బస్సు. ఓడవారి బస్సు క్షేమమే. ఆలస్యమైనను ఓడ విడిచిపోదు. కాని అది ఎన్ని యంగళ్ల ముందు నిలుచునో, గుడికి ఎన్ని గంటలకు చేర్చునో వ్రాతమూలముగా అడుగుడు. మీ యంతట మీరు పోదలచినచో ఒక్కచోటికే పోవుడు, గడువునకు గంట ముందే తిరిగి రండు. మేము చేసిన సాహసము మాకు చెల్లినది. అందరికి చెల్లునని చెప్పజాలను.

నాల్గవది కాగితములు. లంకకు పాసుపోర్టు కావలెను. అనుమతి నిబంధనలు మారుచుండును గనుక బయలుదేరు నాటికే విచారింపవలెను. మందులు పెట్టెలో గాక చేతిసంచిలో నుంచుకొనుడు. అందరు ఓడమీదనే పోనక్కరలేదు. నాగపట్టణమునుండి కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరున చిన్న ప్రయాణనౌక ఆరంభమైనది. వాతావరణమును బట్టి ఆగుచుండును గాన విచారించి పోవలెను.

అయిదవది మన నడవడి. చిన్న యూరిలో ఒక్కసారిగా వేలమంది దిగినచో ఆ యూరికి భారమే. వెనీసు నగరమువారు 2021లో పెద్ద యోడలను తమ నడియూరి కాలువలోనికి రానీయక నిషేధించిరి. అతిథియే ఉప్పెన కాకూడదు. ఓడలో భోజనము ముందే దొరకును గదా యని యూరిలో కాసైన ఖర్చుపెట్టక, చెత్తమాత్రము విడిచివచ్చుట ధర్మము గాదు. పూలమ్మ దగ్గర పూలు, తాటిబుట్టలమ్మ దగ్గర బుట్ట, ఆటోవానికి న్యాయమైన బాడుగ ఇచ్చినచో మన రాక వారికి మేలగును.

సోదరీ, నీ పొరుగింటి యామె అడిగిన ప్రశ్నకు నా సమాధానమిది. నలుగురిలో చెప్పుకొనుటకైనచో పెద్ద రేవులకే పొమ్ము. ఆ పేర్లు అందరెరుగుదురు. నీవును నీ భర్తయు ఇన్నేండ్ల తరువాత ఒకచోట కుదురుగా కూర్చుండి ఒకరి మాట నొకరు వినుటకైనచో, పేరెరుగని రేవే మేలు. మా అత్తగారు తమ తల్లి కథను ముప్పదేండ్లుగా మా యింట వంటయింటిలో చెప్పుటకు తీరిక చిక్కలేదు. మూసిన గుడితలుపు ముందు చిక్కినది.

మా ఆడపడుచు నిరుడు సంక్రాంతికి వచ్చినప్పుడు, “వదినా, ఈసారి ఓడ యెప్పుడు?” అని యడిగినది. మా అత్తగారు లోపలినుండి, “ముందు నీ మోకాళ్లు చూచుకో” అనిరి.

వచ్చు మాసమున, నిలువ యుంచు పప్పులకు పురుగు పట్టకుండ చేయు ఉపాయములను గూర్చి ముచ్చటించుకొందము. అంతవరకు సెలవు.